వీణ వినబడాలంటే

(ధరణికోటలో జరిగిన మన సంఘం సాంస్కృతిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. పలువురు మిత్రులు కోరినందున ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



కార్యదర్శిగారు నన్ను వీణ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను విద్వాంసుణ్ణి కాను. టెలిఫోన్ శాఖలో తీగలతోను, మైకులతోను ఉద్యోగకాలమంతా గడిపినవాణ్ణి. ఇంట్లో వీణ ఉంది, నాకు తోచినంత వాయించుకుంటాను. అందుచేత రాగాల జోలికి పోను. వీణ నాదాన్ని పదిమందికి ఎలా చేర్చాలి, చేర్చేటప్పుడు ఏమి పోగొట్టుకోకూడదు అనే రెండు సంగతులు మాత్రమే మనవి చేస్తాను.

ఈ విషయమే ఎందుకు ఎత్తుకున్నానంటే, ఉత్సవాల కార్యక్రమం వేసేటప్పుడు ఒక మాట తరచు వింటున్నాం. "వీణ ఎవరికీ వినబడదండీ, కీబోర్డు పెట్టిద్దాం" అని. ఆ మాట అనేది పరాయివాళ్లు కాదు, కమిటీల్లో కూర్చున్న మనబోటి పెద్దలే. ఏడెనిమిదేళ్లు కష్టపడి నేర్చుకున్న ఆడపిల్ల ఆ ఒక్క మాటతో వేదిక ఎక్కకుండా ఆగిపోతుంది. ఇంకో రెండేళ్లకు ఆ వీణ గుడ్డ కప్పుకుని గది మూలకు చేరుతుంది. ఇది ఏ ఒక్క ఇంటి సంగతీ కాదు. ఇక్కడ కూర్చున్న వారిలో ఎందరి ఇళ్లలో అలా మూలనున్న వీణ ఉందో మీకే తెలుసు.

మనం కూర్చున్న ఈ ఊరు అలాంటి మాట చెల్లవలసిన ఊరు కాదు. ధరణికోట అంటే పూర్వపు ధాన్యకటకం. పక్కనే ఉన్న అమరావతి స్తూపం శిల్పాల్లో విల్లులాగా వంగిన వీణలు కనిపిస్తాయి. అవి ఇప్పుడు కొన్ని చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ శిల్పాల్లోని వీణకు మెట్లు లేవు. ఒక్కో స్వరానికి ఒక్కో తీగ. నాట్యశాస్త్రం ఏడు తీగల చిత్రవీణను, తొమ్మిది తీగల విపంచిని చెబుతుంది. శిల్పాన్ని శ్రద్ధగా చూస్తే తీగలకు అడుగున పడవలాంటి బోలు పెట్టె కనబడుతుంది. దాని పని ఏమిటి? శబ్దాన్ని పెంచడం. అంటే కరెంటు పుట్టక ముందే, రెండు వేల ఏళ్ల నాడే, వీణ వినబడాలనే ఆరాటం ఉందన్నమాట.

ఆ పెట్టె ఎందుకు కావలసి వచ్చిందో చెబుతాను. తీగ సన్నం. అది ఎంత కదిలినా గాలిని పెద్దగా నెట్టలేదు. తీగ కదలిక గుర్రం మీదుగా పలకకు దిగి, వెడల్పైన పలక కదిలితేనే గాలి కదులుతుంది. అయితే ఆ పెట్టె కొత్తగా బలాన్ని ఏమీ పుట్టించదు. మీటులో మనం ఇచ్చిన బలాన్నే ఖర్చు పెడుతుంది. త్వరగా ఖర్చు పెడితే శబ్దం పెద్దది, ఆయుష్షు తక్కువ. నెమ్మదిగా ఖర్చు పెడితే శబ్దం చిన్నది, ఆయుష్షు ఎక్కువ. మన పెన్షను లాంటిదే అనుకోండి. ఒకటో తారీఖునే ఆర్భాటంగా ఖర్చు చేస్తే నెలాఖరుకు ఏమీ మిగలదు.

మన వీణ రెండో దారి పట్టింది. పనస చెక్క దళసరి పలక, బరువైన గుర్రం, మైనంలో కూర్చిన 24 మెట్లు, వాయించడానికి నాలుగు తీగలు, పక్కన తాళానికీ శ్రుతికీ మూడు తీగలు. ఈ 24 మెట్ల అమరికను తంజావూరు రఘునాథ నాయకుని కాలానికి, అంటే 17వ శతాబ్ది తొలి భాగానికి, చెందినదిగా చెబుతారు. ఆయన స్వయంగా తెలుగు కవి కూడాను. మన ప్రాంతంలో బొబ్బిలి వీణలకు, నూజివీడు వీణలకు పేరు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తారు.

ఇటువంటి వీణమీద ఒక్కసారి మీటి, ఎడమచేతి వేలితో తీగను మెట్టు మీదనే పక్కకు లాగితే అదే మీటులో మూడు నాలుగు స్వరాలు పలుకుతాయి. మీటిన చప్పుడు చల్లారే లోపల పలికే ఈ గమకమే వీణకు ప్రాణం. కనుక వీణ శబ్దం చిన్నదిగా ఉండటం, దాని నాదం సాగుతూ ఉండటం రెండూ ఒకే కారణం నుంచి వచ్చినవి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగిలినదంతా సులువు. మైకు పెట్టేది ఆ సాగే భాగాన్ని ఆఖరి వరసకు చేర్చడానికే. మీటు చప్పుడు ఎలాగూ వినబడుతుంది.

పూర్వం ఈ సమస్య లేదు. శ్రోతలే దగ్గరగా కూర్చునేవారు. వీణ ధనమ్మాళ్ (1867–1938) మద్రాసులో తన ఇంట్లోనే శుక్రవారం సాయంత్రాలు వాయించేవారు. ఆమె క్షేత్రయ్య పదాలు వినడానికి పెద్ద పెద్ద విద్వాంసులు ఊపిరి బిగబట్టి కూర్చునేవారని ప్రతీతి. తరువాత రేడియో వచ్చింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాక, స్టూడియోలో మెల్లగా మోగిన వీణ మన ఇళ్లలోకి వచ్చింది. అక్కడ గది నిశ్శబ్దం, మైకు దగ్గర. ఇబ్బంది అంతా పెద్ద సభల్లోనే. పక్కన మృదంగం, ఘటం, ఎదురుగా వెయ్యి మంది, పైన ఫ్యాన్లు. ఆరుబయట దూరం రెట్టింపైన కొద్దీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ముందు వరసకే అంతంతమాత్రంగా ఉన్నది వెనక వరసకు ఏం చేరుతుంది?

20వ శతాబ్ది రెండో సగంలో కచేరీ వీణలకు కాంటాక్టు మైకు చేరింది. ద్రాక్షారామానికి చెందిన ఈమని శంకరశాస్త్రిగారు (1922–1987), కాకినాడలో పుట్టిన వారి శిష్యుడు చిట్టిబాబుగారు (1936–1996) ఆ తరంవారు. శాస్త్రిగారు ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృందాన్ని నడిపారు. చిట్టిబాబుగారి "కొమ్మలో కోయిల" తెలియని తెలుగు ఇల్లు ఆ రోజుల్లో అరుదు. కోయిల కూత సాగి సాగి సన్నగిల్లే చోటు చివరి శ్రోతకు అందకపోతే ఆ వాయిద్యానికి అర్థమే లేదు.

ఈ కాంటాక్టు మైకు ఏమిటో ఆడవారికి బాగా తెలుసు, పేరే తెలియదు. వంటింట్లో గ్యాస్ స్టవ్వు వెలిగించే లైటరును నొక్కితే టక్కున నిప్పురవ్వ వస్తుంది కదా. లోపల ఉండే ఒక రకం స్ఫటికాన్ని గట్టిగా నొక్కితే విద్యుత్తు పుడుతుంది. 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు కనిపెట్టిన ధర్మం ఇది. అటువంటి పదార్థాన్నే పలచటి బిళ్లగా చేసి వీణ పలకకు అంటిస్తే, చెక్క అదురు బిళ్లను నొక్కుతుంది, బిళ్ల ఆ అదురును కరెంటుగా మారుస్తుంది. అదే కాంటాక్టు మైకు. ఇది గాలిలోని శబ్దాన్ని దాదాపు పట్టించుకోదు. కనుక పక్కన మృదంగం, ముందు చంటిపిల్లల గోల అంతగా దీనిలోకి చేరవు. మామూలు మైకులాగా సౌండు కొంచెం పెంచగానే కూత పెట్టదు.

గిటారుకు పెట్టే అయస్కాంతపు పికప్ అనేది ఇంకొకటి. అది ఉక్కు తీగ కదలికనే పసిగడుతుంది. మన మంద్ర, అనుమంద్ర తీగలు ఇత్తడివైతే అయస్కాంతానికి అవి లేనట్లే. సారణి గట్టిగా, మంద్రం బలహీనంగా పలుకుతాయి. కొనేముందు మన తీగలు దేనివో చూసుకోవాలి.

ఇక పాటించవలసిన పద్ధతులు చెబుతాను. పిల్లలు రాసుకుంటే మంచిది.

బిళ్లను గుర్రానికి మరీ ఆనుకుని పెడితే నాదం కరుకుగా, గోరు తగిలిన టిక్కుటిక్కుతో సహా వస్తుంది. పలక అంచుకు జరిపితే మెత్తబడుతుంది గాని బలం తగ్గుతుంది. ఈ రెంటి నడుమ మంచి చోటు ఒకటి ప్రతి వీణకూ ఉంటుంది. ఒకరు వాయిస్తుంటే మరొకరు బిళ్లను అంగుళం అంగుళం జరుపుతూ వెదకాలి. దొరికాక పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకోండి. పాలిష్ పాడుచేసే గట్టి జిగురు వద్దు, ఊడదీయగలిగే మెత్తటి మైనంలాంటిది చాలు. కాని బిళ్ల వదులుగా ఉండకూడదు, జుమ్మని మోగుతుంది.

బిళ్లనుంచి వచ్చే కరెంటు చాలా స్వల్పం. నేరుగా మామూలు మైకు సాకెట్టులో పెడితే మంద్రస్థాయి పోయి రేకు డబ్బాలాగా వినిపిస్తుంది. జనం "మైకు పెడితే వీణ గిటారైపోయింది" అనడానికి చాలాసార్లు కారణం ఇదే. నడుమ ఒక చిన్న ప్రీ-ఆంప్లిఫయరు ఉండాలి. దాని ఇన్‌పుట్ నిరోధం పది లక్షల ఓముల వరకు ఉంటే మంద్రం నిండుగా వస్తుంది. బ్యాటరీతో నడిచేవి దొరుకుతాయి.

వీలైతే వీణకు అడుగు దూరంలో మామూలు మైకు కూడా ఒకటి పెట్టి రెంటినీ కలపాలి. కాంటాక్టు మైకు బలాన్నిస్తుంది, గాలి మైకు చెక్క వాసననిస్తుంది. స్పీకర్లు వాయించేవారి వెనుక ఎన్నడూ పెట్టకూడదు. ముందుకు, పక్కలకు పెట్టాలి. ఎకో అనే మీటను పూర్తిగా తగ్గించాలి. ఒక పెళ్లి మంటపంలో మైకు కుర్రవాడు సరదాకొద్దీ ఎకో పెంచితే, గమకం మీద గమకం పడి ఏ రాగమో తెలియకుండా పోయింది. వాయించిన అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. అంతకంటె ముఖ్యం కరెంటు. ఎర్త్ సరిగా లేని ఆంప్లిఫయరుకు కలిపిన వీణను ముట్టుకోవద్దు. లోహపు తీగల మీద రెండు చేతులూ ఉంటాయని మరువరాదు.

వాయించే పద్ధతి కూడా కొంత మారాలి. మైకు లేనప్పుడు వినబడాలని గట్టిగా మీటే అలవాటు పడి ఉంటాం. మైకు పెట్టాక సగం బలం చాలు. మీటులు తగ్గించి గమకానికి చోటివ్వవచ్చు. అయితే మైకుకు దయాదాక్షిణ్యాలు లేవు. వేలు మెట్టు మీద జారిన గీర కూడా ఊరంతా వింటుంది. ఎడమచేతి వేళ్లకు కొద్దిగా కొబ్బరినూనె రాసుకోవడం పూర్వులు నేర్పినదే, ఇప్పుడు మరీ అవసరం. తాళపు తీగలను అలవాటుకొద్దీ గట్టిగా కొట్టకండి. బిళ్లకు సాహిత్యపు తీగ, తాళపు తీగ అనే తేడా తెలియదు.

ఇది మన వీణకు మాత్రమే వచ్చిన కష్టం కాదు. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లివచ్చిన సభ్యులు కొందరు డల్సిమర్ అనే వాద్యాన్ని చూసి ఉంటారు. అపలేచియన్ కొండ ప్రాంతపు పల్లెవాళ్లది. సన్నటి పొడుగాటి పెట్టె, మూడు నాలుగు తీగలు, కింద మెట్లు. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని ఒక తీగ మీద పాట వాయిస్తే మిగతావి మన తాళపు తీగల్లాగే శ్రుతి ఇస్తుంటాయి. వసారాలో కూర్చుని ఇంటివాళ్లకు వినిపించుకునే వాద్యం అది. కెంటకీకి చెందిన జీన్ రిచీ అనే గాయని (1922–2015) దానిని లోకానికి పరిచయం చేసింది. ఆమెది, మన శంకరశాస్త్రిగారిది ఒకే పుట్టిన సంవత్సరం. అదీ చిన్న గొంతుదే, దానికీ ఈనాడు ఈ బిళ్లనే అంటిస్తున్నారు. వాళ్లూ వాద్యాన్ని వదులుకోలేదు, దాని మెత్తదనాన్నీ వదులుకోలేదు.

మన వయసువారికి ఒక మాట. వయసుతో చెవికి ముందుగా తగ్గేది సన్నటి హెచ్చు స్వరాల వినికిడి. అందుకే సౌండు ఎంత పెంచినా మనకు స్పష్టత రాదు, పిల్లలకు మాత్రం చెవులు గింగురుమంటాయి. వెనక వరసలో కూర్చుని "పెంచు, పెంచు" అని కేకేసే బదులు నాలుగు వరసలు ముందుకు జరిగితే సరిపోతుంది. ఇంట్లో సాధనకు ప్రీ-ఆంప్లిఫయరుకు హెడ్‌ఫోను తగిలించుకుంటే రాత్రిపూట కూడా ఎవరి నిద్రా చెడదు. మోకాళ్లు వంగనివారు కుర్చీలో కూర్చుని, ఎదురుగా పొట్టి బల్ల మీద వీణ పెట్టుకుని వాయించుకోవచ్చు. కొత్తగా ఎలక్ట్రానిక్ వీణలు కూడా వచ్చాయి. మైనం కరిగే బాధ లేదు, ప్రయాణానికి అనువు. కాని ఇంట్లో పనస వీణ ఉండగా కొత్తది కొననక్కరలేదు. మైనం గట్టిపడి మెట్లు అపస్వరమైతే మేళం కట్టించండి, తీగలు మార్పించండి. అది మళ్లీ పలుకుతుంది.

చివరగా మూడు విన్నపాలు. ఒకటి, మనం సభ్యులుగా ఉన్న ఏ ఉత్సవ కమిటీలోనైనా వీణకు పావుగంట ముందు వేదిక ఇచ్చి మైకు సరిచూసుకోనివ్వండి. రెండు, రాత్రి పది గంటల తరువాత లౌడుస్పీకర్లకు నిషేధం ఉంది గనుక వీణను చిట్టచివర పెట్టి పది నిమిషాల్లో ముగించమనకండి. సంధ్యవేళ మొదటి అంశంగా పెట్టండి, అప్పుడు చెవులూ తాజాగా ఉంటాయి. మూడు, మన సంఘం ఒక మంచి కాంటాక్టు మైకును, ప్రీ-ఆంప్లిఫయరును కొని కార్యాలయంలో ఉంచాలి. ఈ చుట్టుపక్కల వీణ నేర్చుకునే ఏ బిడ్డకైనా కచేరీ రోజున అడిగితే ఇవ్వాలి. దీనికి నా వంతు చందా ఈరోజే కోశాధికారిగారికి అందజేస్తున్నాను. బిళ్ల అంటించడానికి, తీగలు కలపడానికి మనిషి కావాలంటే నేనున్నాను, రిటైరైనవాణ్ణి, తీరికకు కొదవలేదు.