మంచి నాయకుడు ఒక్కడే సరిపోడు, మినిట్స్ పుస్తకం కూడా కావాలి

(అంబేద్కర్ జయంతి సందర్భంగా పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)



2024లో ఈ ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది. మా ఇంట్లో మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటాం, ఇవాళ కూడా అలాగే అంటాను. నేను ఇక్కడి తెలుగు మీడియం బడిలో చదువుకున్నవాడిని. ఇప్పుడు మెయిన్‌ల్యాండ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. మీరు కొత్తగా ఒక స్టడీ సర్కిల్ పెట్టుకుంటున్నారు. టీమ్‌ని ఆరోగ్యంగా నడిపే నాయకత్వం గురించి మాట్లాడమన్నారు. ఈ విషయం మీద పుస్తకాల షాపుల్లో చాలా పుస్తకాలు దొరుకుతాయి. అందరినీ పేరుపెట్టి పిలవండి, మెచ్చుకోండి, ఓపికగా వినండి అని చెబుతాయి. అవి తప్పు అనను. కానీ ఆ పుస్తకాల్లో ఒక ప్రశ్న కనబడదు. ఈ టీమ్ ఏర్పడకముందే, ఇందులో ఎవరు ఏ పని చేయాలో ఎవరు నిర్ణయించారు?

మా నాన్నది శ్రీకాకుళం జిల్లా. సునామీ తరువాత ఇక్కడ ఇళ్ళు కట్టే పనులు మొదలైనప్పుడు కూలికి వచ్చాడు. మొదటి రోజు మేస్త్రీ మా ఊరి పేరు అడిగాడట. అతనిదీ ఆ చుట్టుపక్కల ఊరే. సంతోషపడ్డాడు. ఆ తరువాత, ఊళ్ళో ఇల్లు ఎటువైపు అని అడిగాడు. నాన్న చెప్పాడు. మర్నాటి నుంచి మంచినీళ్ళ డ్రమ్ములో నాన్న చెంబు ముంచలేదు. ఎవరూ వద్దని అనలేదు. డ్రమ్ము దగ్గరికి వెళ్ళేసరికి ఎవరో ఒకరు ముందుకొచ్చి, "ఉండు, నేను పోస్తాను" అనేవారట. ఎంతో మర్యాదగా. నాన్న అక్కడ చాలాకాలం పనిచేశాడు. ఆ మేస్త్రీ మంచివాడు, కూలి డబ్బులు ఏ రోజూ ఎగ్గొట్టలేదు అని ఇప్పటికీ చెబుతాడు.

"అండమాన్‌లో కులం లేదు, కాలాపానీ దాటినప్పుడే పోయింది" అనే మాట మీరూ నేనూ వింటూ పెరిగాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 3 లక్షల 80 వేల మంది ఉన్నారు. అందులో దాదాపు 13 శాతం మంది తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు. కానీ అండమాన్ నికోబార్‌కు షెడ్యూల్డ్ కులాల జాబితా అనేదే లేదు. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయినవాళ్ళు మరో రాష్ట్రానికి వలసపోతే అక్కడ ఆ హోదా అడగలేరని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది మన తెలుగువాళ్ళ సమస్య మాత్రమే కాదు. 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులుగా వచ్చి అడవి నరికి పొలాలు చేసినవాళ్ళలో చాలామంది నామశూద్రులు. పశ్చిమ బెంగాల్‌లో వాళ్ళు ఎస్సీలు, ఇక్కడ కారు. ఛోటానాగ్‌పూర్ నుంచి అడవి పనులకు తెచ్చిన ఓరాన్, ముండా కుటుంబాలను ఇక్కడ 'రాంచీవాలాలు' అన్నారు. అక్కడ వాళ్ళు ఆదివాసులు, ఇక్కడ ఎస్టీ జాబితాలో లేరు. మరి ఇదే ఊళ్ళో అంబేద్కర్ పేరు మీద ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉంది.

జాబితా లేదంటే కులం లేదని కాదు. పని దగ్గర కులం ఎదురైనప్పుడు దానికి పెట్టడానికి మన దగ్గర పేరు లేదని. నాన్న నీళ్ళ డ్రమ్ము సంగతి ఎవరికి చెప్పుకోవాలి? ఏమని చెప్పుకోవాలి?

ఇక మన ఊరి జైలు సంగతి. సెల్యులార్ జైలును 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. మధ్యలో టవర్, దాని చుట్టూ ఏడు విభాగాలు, దాదాపు 700 గదులు. టూరిస్టులకు గైడ్లు ఆ టవర్ గురించే చెబుతారు. ఒక్క మనిషి నిలబడి అందరినీ కనిపెట్టవచ్చని. కానీ టవర్ ఒక్కటే జైలును నడపలేదు. ఖైదీల్లోంచే కొందరిని ఏరి వార్డర్లను, పెట్టీ ఆఫీసర్లను, టిండళ్ళను చేశారు. గానుగ దగ్గర మనిషికి రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయాలని లెక్క. ఆ లెక్క రాబట్టేవాడు తెల్లవాడు కాదు, నిన్నటిదాకా పక్కన గానుగ తిప్పినవాడే. ప్రతివాడికీ కింద ఒకడు. అందువల్ల పైవాడి మీద అందరూ కలిసి తిరగబడడం కష్టం. అంబేద్కర్ కులాన్ని వివరిస్తూ నిచ్చెనమెట్ల అసమానత అన్నది ఇలాంటి అమరికనే. మన ఆఫీసుల్లో, ల్యాబుల్లో, సంఘాల్లో 'లీడర్' అనే మాట చాలాసార్లు పెట్టీ ఆఫీసర్ ఉద్యోగానికి పెట్టిన కొత్త పేరు.

పని చోటు ఎలా ఉంటుందో అంబేద్కర్‌కు పుస్తకాల ద్వారా తెలిసింది కాదు. 1917లో బరోడా కొలువులో ప్యూన్లు ఫైళ్ళు చేతికి ఇవ్వకుండా బల్ల మీదకు విసిరేవారు. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరితే, స్టాఫ్ రూమ్ నీళ్ళకుండ నుంచి ఆయన తాగడానికి తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం చెప్పారు. చదువున్నా, హోదా ఉన్నా అంతే. ఇక బొంబాయి మిల్లుల్లో దళితులను నేత విభాగంలోకి రానిచ్చేవారు కాదు. నూలు తెగితే నోటితో తడిపి అతకాలి కదా, అందుకని. అడ్డం పడింది యజమానులు కాదు, తోటి కార్మికులు. 1928 సమ్మెలో ఈ వివక్షను కూడా ఒక డిమాండ్‌గా పెట్టాలని ఆయన పట్టుబట్టాల్సి వచ్చింది. 1938లో మన్మాడ్ రైల్వే దళిత కార్మికుల సభలో, కార్మికులకు శత్రువులు ఇద్దరు, బ్రాహ్మణిజం, పెట్టుబడిదారీ విధానం అని చెప్పింది ఈ అనుభవంతోనే. తరువాత 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్ అయ్యాక ప్రభుత్వాన్ని, యజమానులను, కార్మికులను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే త్రైపాక్షిక సమావేశాలను నడిపారు. యజమానులారా, మంచిగా ఉండండి అని చెప్పి ఊరుకోలేదు. కార్మికుడికి కూర్చునే కుర్చీ ఏర్పాటు చేశారు.

ఇప్పటిదాకా ఇతరుల తప్పులు చెప్పాను. ఇప్పుడు నాది.

మా క్యాంపస్‌లో ఒక స్టడీ సర్కిల్‌కు నేను రెండేళ్ళు కన్వీనర్‌ని. నా జూనియర్ ఒకమ్మాయి ఉండేది. తల్లిదండ్రులు పారిశుద్ధ్య కార్మికులు. హాలు బుక్ చేయడం, జిరాక్సులు తీయించడం, మినిట్స్ రాయడం అన్నీ ఆమే. నేను మాట్లాడేవాడిని. ఒకసారి మేం పిలిచిన వక్త, స్కావెంజింగ్ కులాల గురించి చులకనగా ఒక మాట అన్నాడు. ఆమె లేచి అడగబోయింది. నేను చేత్తో సైగ చేసి కూర్చోబెట్టాను. తరువాత, "బయటివాళ్ళ ముందు మనలో మనకు గొడవెందుకు, ఉద్యమం ముఖ్యం కదా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. మరో రెండు మీటింగులకు వచ్చి మినిట్స్ రాసింది. తరువాత మానేసింది.

కొన్ని నెలలకు ఏదో తేదీ కోసం ఆ పుస్తకం తీశాను. పేజీలన్నీ ఆమె చేతిరాత. 'మాట్లాడినవారు' అన్న చోట ప్రతి మీటింగ్‌లోనూ నా పేరు. ఆమె పేరు ఒక్క పేజీలోనూ లేదు. ఆ పుస్తకం నా చేతి కిందే ఉండేది, రెండేళ్ళలో ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. వెళ్ళి క్షమాపణ చెప్పాను. "అన్నా, నువ్వు మంచోడివే. మంచోడివి కాబట్టే నీకు ఎదురు చెప్పడం కష్టం" అంది. తిరిగి రాలేదు.

ఆ మాట విన్నాక మా నాన్న మేస్త్రీ గుర్తొచ్చాడు. అతనూ మంచివాడే. మంచితనం మీద నడిచే టీమ్‌లో, ఆ మంచివాడి కంటికి ఆననిది ఎవరికీ ఆనదు. కాబట్టి మంచితనంతో పాటు, ఎవరైనా చూపించి అడగగలిగే నియమం కావాలి.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ చేసిన ప్రసంగం మీరు చదివే ఉంటారు. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని హెచ్చరించినది అందులోనే. అదే ప్రసంగంలో ఆయన బౌద్ధ సంఘాల గురించి కూడా చెప్పారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, తీర్మానం ఎలా పెట్టాలి, కోరం ఎంత, ఓట్లు ఎలా లెక్కించాలి, రహస్య ఓటు ఎలా వేయాలి, ఇవన్నీ ఆ భిక్షువులకు తెలుసన్నారు. భక్తి వద్దన్నది, పద్ధతి కావాలన్నది ఒకే మనిషి, ఒకే రోజు. ఈ రెండింటినీ కలిపి చదవాలి.

మీ సర్కిల్ కోసం నాలుగు అలవాట్లు చెబుతాను.

మొదటిది, పనులు వంతుల మీద తిరగాలి. కుర్చీలు వేయడం, టీ తేవడం, మినిట్స్, మైకు, అన్నీ. ఈ నెల టీ తెచ్చినవాళ్ళు వచ్చే నెల ప్రసంగించాలి. కన్వీనర్ కూడా టీ తేవాలి. 'నాకు మాట్లాడడం రాదు' అని ఎవరైనా అంటే, వాళ్ళను తప్పించకండి. పక్కన కూర్చుని సిద్ధం చేయండి.

రెండోది, మినిట్స్ పుస్తకం. నిర్ణయాలతో పాటు ఎవరు మాట్లాడారు, ఎవరు ఏ పని చేశారు, ఎవరు ఒప్పుకోలేదు అన్నవీ రాయండి. మూడు నెలలకొకసారి అందరి ముందూ చదవండి. ఎవరి పేరు ఎక్కడా వినబడకపోతే, అది ఆ మనిషి లోపం కాదు.

మూడోది, మౌనాన్ని లెక్కలోకి తీసుకోండి. సంఘంలో ముఖ్యమైన తీర్మానాన్ని మూడుసార్లు అడిగేవారు. అప్పటికీ ఎవరూ పలకకపోతే అంగీకారం కిందే లెక్క. మూడుసార్లు అడగడం మనం తీసుకుందాం, చివరి మాట వద్దు. మన మధ్య మౌనం చాలాసార్లు భయం, అలసట, లేదా మర్యాద. నోరు విప్పలేనివాళ్ళకు చీటీ మీద రాసే అవకాశం ఇవ్వండి.

నాలుగోది పవారణ. వర్షావాసం ముగిసే రోజున భిక్షువులు ఒక్కొక్కరూ సంఘం ముందు కూర్చుని, నాలో మీరు చూసిన, విన్న, అనుమానించిన తప్పు ఉంటే చెప్పండి అని అడిగేవారు. పెద్దవాళ్ళతో మొదలయ్యేది. బుద్ధుడు కూడా తన శిష్యులను ఇలాగే అడిగినట్టు పాలి సుత్తాల్లో ఉంది. సెమిస్టర్ చివర మీరూ ఒక రోజు పెట్టుకోండి. కన్వీనర్ మొదట కూర్చోవాలి, సమాధానం చెప్పకుండా వినాలి. ఏడాది తిరిగాక ఆ పదవిని ఇంకొకరికి ఇవ్వాలి.

ఇవి చిన్న పనుల్లా కనిపిస్తాయి. కానీ రేపు మీరు ఆఫీసుల్లో, ఓడల్లో, ఆస్పత్రుల్లో, కాలేజీల్లో పని చేస్తారు. కొందరు పైకి కూడా వెళతారు. 'ఇక్కడ కులం లేదు' అనే చోట, నీళ్ళ డ్రమ్ము దగ్గర ఎవరు ఆగిపోతున్నారో చూసే అలవాటు మీకు ఈ గదిలోనే రావాలి.

నేను వస్తూ ఒక కొత్త రిజిస్టర్ తెచ్చాను. ఇవాళ్టి మీటింగ్‌తోనే మొదలుపెట్టండి. మాట్లాడినవారిలో నా పేరు ఒక్కసారి రాస్తే చాలు. ఇప్పుడు నేను కూర్చుంటాను. వెనక వరుస నుంచి మొదలుపెడదాం.

జై భీమ్.