ఇంజను బదిలీకీ సర్వీసు రిజిస్టరు కావాలి
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మెకానిక్కును కాను, ఫైళ్లు చూసినవాణ్ణి. అయినా ఈ విషయం మనకు పనికొస్తుందని చెబుతున్నాను. మనలో కొందరు పాత పెట్రోలు కారును వదులుకోలేక, సెకండ్ హ్యాండ్ ఇంజను తెచ్చి బిగించుకుంటారు. బండి స్టార్టవుతుంది గాని సిగ్నలు దగ్గర ఆగగానే ఇంజను ఆగిపోతుంది, లేదా కాలు తీసినా అరుస్తూనే ఉంటుంది. దీనికి తరచు కారణం అరచేతిలో ఇమిడే ఐడిల్ కంట్రోల్ వాల్వు.

కార్బురేటరు బండ్లలో స్క్రూ తిప్పి ఐడిలింగ్ సరిచేసేవారు. ఇంజెక్షన్ బండ్లలో ఆ పని ఇ.సి.యు. అనే కంప్యూటరు పెట్టె చేస్తుంది. యాక్సిలరేటరు వదిలినప్పుడు పక్కదారిన ఎంత గాలి పోవాలో ఈ వాల్వు ద్వారా నిర్ణయిస్తుంది.

అయితే వాల్వులన్నీ ఒకటి కావు. స్టెప్పర్ మోటారు రకానికి సాధారణంగా నాలుగు తీగలు, సోలినాయిడ్ రకానికి రెండో మూడో ఉంటాయి. ఒకదానికిచ్చే ఆజ్ఞ రెండోదానికి అర్థం కాదు. ప్లగ్గు పట్టినంత మాత్రాన వాల్వు సరిపోయినట్టు కాదు. థ్రాటిల్‌నే మోటారుతో నడిపే కొత్త ఇంజన్లలో అసలీ వాల్వు విడిగా ఉండదు.

బదిలీపై వచ్చిన ఉద్యోగికి ఎల్.పి.సి., సర్వీసు రిజిస్టరు రాకపోతే జీతం బిల్లు కదలదు గదా! ఇదీ అంతే. ఇంజనుతోపాటు దాని థ్రాటిల్ బాడీ, వాల్వు, ఇ.సి.యు., వైరింగు ఒకే సెట్టుగా తీసుకోవాలి. ఇంజను అదే రకమైతే మన పాత థ్రాటిల్ బాడీ, వాల్వు దానికి బిగించి, పాత ఇ.సి.యు.నే ఉంచుకోవచ్చు. ఏదైనా ముందుగా వాల్వుపై ఉన్న పార్టు నంబరు, పిన్నుల లెక్క సరిచూడాలి.

ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి కూడా. నడుస్తూ ఇంజను ఆగితే, బ్రేకుకు సాయపడే వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే అయిపోతుంది. ఆ పైన పెడలు బిగుసుకుంటుంది. మన మోకాళ్లకు అది పెద్ద పరీక్ష.

కాగితాల సంగతీ మరువవద్దు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇంజను మార్పుకు రిజిస్టరింగ్ అధికారి అనుమతి పొందాలి, మార్చిన 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్.సి.లో నమోదు చేయించుకోవాలి. బీమా కంపెనీకీ తెలపాలి.

మెకానిక్కుకు డబ్బు లెక్కపెట్టే ముందు ఇంజను వేడెక్కనిచ్చి, ఏ.సి., హెడ్‌లైట్లు వేసి, న్యూట్రల్‌లో ఐదు నిమిషాలు వినండి. చప్పుడు నిలకడగా ఉంటేనే బిల్లు పాసు చేయండి.