గడప ఎత్తు పెంచితే చాలదు



2021 సెప్టెంబరు 7న సిరిసిల్ల వీధులు వాగులైన సంగతి మనలో ఎవరూ మరువలేదు. నీరు కాలనీలను ముంచెత్తింది. కలెక్టరేట్ ఆవరణ సైతం జలమయమైంది. సహాయానికి హైదరాబాదు నుంచి దళాలు రావలసివచ్చింది. మరుసటి ఏడాది జులైలో జగిత్యాల జిల్లాను కుండపోత వానలు కుదిపివేశాయి.

ఇటువంటి వేళ మన ఇళ్లలో జరిగేదేమిటి? మంచం కోళ్ల కింద ఇటుకలు చేరుతాయి. బియ్యం అటకెక్కుతుంది. ఆధార్, రేషన్ కార్డు, ఇంటి కాగితాలు ప్లాస్టిక్ సంచిలోకి వెళతాయి. స్తోమత గలవారు గడప ఎత్తు పెంచుకుంటారు. ఇవన్నీ మెచ్చదగిన జాగ్రత్తలే. కాని ఒక ఇల్లు ఆపిన నీరు పక్క ఇంట్లో చేరుతుంది. ఆ ఇంట్లో కిరాయికి ఉన్నవారు తమది కాని గోడను ఎత్తు చేయలేరు.

పైగా మన పట్టణాలలో ఎందరికో ఇల్లే కార్ఖానా. జగిత్యాల, కోరుట్లలో బీడీలు చుట్టే తల్లి ఇంట్లో ఆకు, తంబాకు తడిస్తే ఆ వారం కూలి పోయినట్లే. సిరిసిల్లలో సాంచాల మోటార్లలోకి నీరు చేరితే మరమ్మతు దాకా పని ఆగుతుంది. నీరు తీసినంత త్వరగా ఈ నష్టం తీరదు.

మరి సహాయం మాటేమిటి? 2022-26 కాలపు కేంద్ర విపత్తు సహాయ నిబంధనల ప్రకారం కుటుంబానికి బట్టలకు 2,500, ఇంటి సామాన్లకు 2,500 రూపాయలు అందాలంటే ఇల్లు కొట్టుకుపోవాలి, పూర్తిగా దెబ్బతినాలి, లేదా రెండు రోజులకు మించి మునిగి ఉండాలి. పట్టణ వరద తరచుగా గంటల్లోనే వచ్చి పోతుంది. తడిసిన ఆకుకు, ఆగిన సాంచాకు ఆ కొలతలో చోటు లేదు. 2020 అక్టోబరు వరదల తరువాత హైదరాబాదులో రాష్ట్ర ప్రభుత్వమే ముంపు కుటుంబాలకు 10,000 రూపాయల చొప్పున ఇచ్చింది. రాజధాని బస్తీకి దక్కిన న్యాయం జిల్లా పట్టణానికి ఎందుకు దక్కరాదు?

కనుక వానాకాలానికి ముందే మూడు పనులు చేయాలి. ప్రతి బస్తీలో కిరాయిదారులతో సహా, మతభేదం లేకుండా, ఇంటింటి జాబితా తయారు కావాలి. అందులో ఇంట్లో చేసే పనినీ రాయాలి. నాలాల పూడికతీత కోసం మున్సిపాలిటీకి లిఖితపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. మస్జిదులో గాని, పొరుగువారి మేడపై గాని సరుకు దాచుకునే చోటును ముందే నిర్ణయించుకోవాలి. వరద వస్తే గోడ మీది నీటి గుర్తును తేదీతో ఫొటో తీయండి. కడిగేసిన గోడ సాక్ష్యం చెప్పదు.

ఓర్పు మన బలం. కాని ఓర్పును చూసి అధికారులు మనకు నష్టమే జరగలేదని రాసుకోకుండా చూడటం మన బాధ్యత.