సంతకం ఎవరిది?

2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా వేస్తూ ఒక అధ్యయనం సాగింది. వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో, మహిళా సంఘాల ఫిర్యాదులతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ సంఘం తేల్చింది. కానీ అంగీకార పత్రాల సంగతి చదివితే గుండె తరుక్కుపోతుంది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి! బిడ్డ ఒంట్లోకి సూది దిగే ముందు కన్నవాళ్లను అడగొద్దా?

ఇలాంటివి జరగకూడదనే, విశ్వవిద్యాలయంలోనైనా ఆసుపత్రిలోనైనా మనుషులపై వైద్య పరిశోధనకు ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. దాని అధ్యక్షులు ఆ సంస్థకు బయటివారై ఉండాలి. పరిశోధనలో చేరేముందు మీకిచ్చే సమాచార పత్రంలో కమిటీ ఫోన్ నంబరు ఉందో లేదో చూడండి, అనుమానమొస్తే నేరుగా అక్కడికే ఫిర్యాదు చేయండి. ఆరోపణ ఎదుర్కొంటున్న పరిశోధకుడు ఆ విచారణలో కూర్చోకూడదు.

ప్రయోగశాల జంతువులకు వేరే కమిటీ ఉంటుంది, అందులో కేంద్రం నియమించిన ప్రతినిధి కూడా ఉంటారు. అయితే ఆ మూగజీవాల బాధను రోజూ చూసేది విద్యార్థులు, సంరక్షకులే. నోరు విప్పినవాళ్ల పేరు బయటపడకుండా, వాళ్ల చదువుకూ కొలువుకూ ముప్పు రాకుండా కాపాడాల్సింది విశ్వవిద్యాలయమే.