మెదడులోని రక్తనాళముల చిక్కు



చిక్కుపడిన పోగును లాగి తెంపరాదని మన సాఖర్ పేటలో పసివారికిని తెలియును. కొందరికి పుట్టుకతోనే మెదడునందు అట్టి చిక్కు ఉండును. ధమనికిని సిరకును నడుమ రక్తవేగమును తగ్గించు కేశనాళికలు అచ్చట లేవు. ధమని సూటిగా సిరలో కలియుటచే పలుచని గోడ ఒత్తిడికి ఓర్వలేక పగులును. పడుచువారికి మూర్ఛయో, పిడుగువంటి తలనొప్పియో వచ్చిన దయ్యమని భూతవైద్యుల వెంట త్రిప్పుట ప్రాణాపాయము. తక్షణమే స్కానింగు తీయింపవలెను.

నాళములను చూపు ఆంజియోగ్రఫీని 1927లో లిస్బనునందు ఈగాస్ మోనిజ్ ఆరంభించెను. నేడు తొడలోని ధమని గుండ సన్నని గొట్టమును పంపి చిక్కును చూతురు. ఆ త్రోవనే జిగురువంటి మందుతో పూడ్చుదురు. శస్త్రచికిత్సతో తీసివేయుటయు కలదు. చిన్న చిక్కును గామా కిరణములతో మూయవచ్చును గాని, అందుకు 2, 3 ఏండ్లు పట్టును. అంతవరకు రక్తస్రావ భయము తీరదు.

పగులని చిక్కు మాటయే కఠినము. 2014లో వెలువడిన అరూబా పరిశోధనలో, దానిని కదపక మందులు మాత్రమే వాడినవారికి పక్షవాతమును మరణమును తక్కువగా కనబడెను. అది సగటున 33 నెలల లెక్కయే. ఇరువదేండ్ల పడుచుకు ముందున్నవి ఏబదియేండ్లు గదా! అట్టివారు నరముల వైద్యుని, శస్త్రవైద్యుని ఇరువురను అడిగిన పిమ్మటనే ఒప్పుకొనవలెను.