గాజుపలకలపై భాగ్యనగరము

నిత్యము మనము నడచు వీధులే మనకు మిక్కిలి అపరిచితములని చెప్పినచో వింతగా తోపవచ్చును. కాని ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడై, ముసవ్విర్ జంగ్ బిరుదమందిన రాజా దీనదయాళు తీసిన హైదరాబాదు చిత్రములను ఒకమారు తిలకించినవారు ఈ మాటను కాదనజాలరు.

వెండి లవణములు పూసిన గాజుపలకపై వెలుతురు లిఖించిన ఆ చిత్రములలో, 1591లో వెలసిన చార్మినారు చెంత మోటారు బండ్ల సందడి యెఱుగని విశాలమైన వీధి గోచరించును. నిశ్చలముగ నిలిచిన గోడ స్పష్టముగను, కదలిన మనుష్యుడు మసకనీడగను మిగులుట ఆనాటి పలకల స్వభావము.

దీనదయాళు 1905లో కీర్తిశేషుడయ్యెను. మూడేండ్లకు, 1908 సెప్టెంబరు 28న, మూసీనది పొంగి తీరమునందలి పేటలను తుడిచివేసెను. నాడు ఎందఱో ప్రాణములు దక్కించుకొన్న చింతచెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున నిలిచియున్నది. పిమ్మట 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పెక్కు వీధులకు క్రొత్తరూపు నొసగెను.

కావున శ్రోతలారా! ఒక పాతచిత్రమును చేతబట్టి నాలుగు కమానుల నడిమి గుల్జార్ హౌజ్ నీటితొట్టి కడకు పొండు. చిత్రములోని మీనారులు కమానుతో ఎట్లు పొసగినవో, కంటియెదుట అట్లే పొసగువఱకు అడుగు ముందుకో వెనుకకో వేయుడు. ఆ రెండును ఏకమైన చోటనే నాటి కెమెరా నిలిచినది. ఆ చోట నిలిచిన క్షణమున మఱచిన నగరము మరల మనదగును.