తొలిసారి చెన్నపట్టణమున



ముప్పదియేండ్లు బడిపిల్లలకు అమరావతి స్తూపమునుగూర్చి చెప్పితినేగాని, ఆ శిలలలో పెక్కింటిని భద్రపఱచిన చెన్నపట్టణమును నేనెన్నడును చూచి యెఱుగను. ఉద్యోగము విరమించిన పిమ్మట, మొన్న మాఘమాసమున ఒంటరిగా బయలుదేరితిని.

సెంట్రల్ స్టేషను వెలుపలికి వచ్చినంతనే కాలాడలేదు. వాహనముల వరుసకు తెంపు లేదు. బస్సుల నుదుట తమిళలిపి. పంచకావ్యములు చదివినవాడను, ఒక్క యక్షరము కూడబలుకలేకపోతిని. వ్రేలిముద్ర వేయువారిని మా యూర నేనెన్నిమాఱులు పరిహసించితినో అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. తుదకు సిగ్గు విడిచి, పూలు అమ్ముచున్న యొకామెను అడిగితిని. ఆమె “యాడికి పోవాలయ్యా?” అని తెలుగుననే పలుకరించి, ఎగ్మూరు బస్సెక్కించి, కండక్టరునకు నన్నప్పగించెను. ఆమెకును చదువు రాదట. అంకెల యాకారమునుబట్టి బస్సులను గుర్తించునట!

1845లో వాల్టర్ ఎలియట్ మొదలుకొని పలువురు త్రవ్వించిన అమరావతి శిలలు కొన్ని ఎగ్మూరు ప్రదర్శనశాలలో నున్నవి. వానిలో నాళాగిరి యను ఏనుగు కథ చెక్కిన గుండ్రని ఫలకమును కంటిని. ఒకవైపు మదగజము వీథిలో బీభత్సము చేయుచున్నది, జనులు చెదరిపోవుచున్నారు. మఱియొకవైపు అదే గజము బుద్ధుని యెదుట మోకరిల్లినది. చదువు రానివానికిని ఆ కథ తెలియును. ఆ శిల్పియు, ఆ పూలమ్ము నామెయు నాడు నాకు గురువులైరి.

పెద్దలారా! పట్టణమునకు పోవువారు దారి యడుగుటకు సిగ్గుపడవలదు. మన యూరికి దారి తెలియక వచ్చినవానిని, మన చెంతనే యున్న చదువురాని వానిని చులకన సేయవలదు. పట్టణమునుండి నేను మోసికొని వచ్చిన మూట యిదియే.

సెలవు.